వెనక్కి పోసిన గుప్పెడు

అది బడి పిల్లల్ని మోసిన వ్యాను. పసుపు రంగు మీద సామ్యేలు నీలం రంగు వేశాడు గానీ, ఎండ ఏటవాలుగా పడితే అడుగున ఉన్న పసుపు ఇంకా తొంగి చూస్తూనే ఉంటుంది. పిల్లల సీట్లన్నీ విప్పేశాడు. వెనక వైపు చెక్క మంచం, మంచం కింద బియ్యం బస్తా, బట్టల పెట్టె. పక్కన నడుమెత్తు బల్ల, బల్ల మీద గ్యాసు పొయ్యి, ఆ పక్కన కుళాయి బిగించిన నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ము వెనక సామ్యేలు నట్లు, బోల్టులు వేసుకునే రేకు డబ్బా. కిటికీలకి కృపామణి తన పాత చీర చించి తెరలు కుట్టింది. ఆ చీర మీద చిన్న చిన్న తెల్ల పూలు. బండి కదిలితే పూలు కూడా కదులుతాయి.

బయల్దేరే ముందు నర్సీపట్నంలో వాళ్ళ వీధి వీధంతా ఆ వ్యాను ఎక్కి దిగి చూసింది.

"ఓలమ్మో, పొయ్యి కూడా ఉన్నాదే! ఇంక నీ ఇల్లు నీ ఎనకాలే వస్తాదన్నమాట కృపా" అని పక్కింటి బుల్లమ్మ బుగ్గలు నొక్కుకుంది.

యలమంచిలి నుంచి కూతురు రాచెల్ ఫోన్ చేసింది. "మమ్మీ, డాడీ నిన్ను లేవదీసుకుపోతన్నాడంట కదా. జాగర్త" అని ఒకటే నవ్వు.

"ఈ వయసులో లేవదీసుకెళ్ళాలంటే ముందు నా మోకాళ్ళని లేవదియ్యాలి" అంది కృపామణి. అందరితో పాటు తనూ నవ్వింది. నవ్వింది గానీ, ఆమె ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

సంగతేమిటంటే, సామ్యేలు మీసం రాని రోజుల్లోనే లారీ ఎక్కినవాడు. ఏజెన్సీ నుంచి కాఫీ గింజలు, పసుపు, చింతపండు కిందికి దింపడం, కింద నుంచి ఉప్పు, బియ్యం, సిమెంటు పైకి ఎక్కించడం. నడుం మొరాయించాక లారీ మానేసి బడి వ్యాను తోలాడు. బడివాళ్ళు కొత్త బస్సు కొనుక్కుని పాతదాన్ని వదిలించుకుంటే, తను తోలిన బండిని తనే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇక మీద ఏడాదిలో సగం రోజులు ఇద్దరూ అందులోనే ఉండాలని అతని ఆశ. తను తిరిగిన దారులన్నీ పెళ్ళానికి చూపించాలి. కొండలు, గోదారి, సముద్రం ఒడ్డున ఉప్పు మడులు.

"నేను సూసినవి నువ్వు సూడకపోతే, నేను సూసినట్టు సాక్ష్యం ఎవరే?" అంటాడు.

కృపామణి సరే అనలేదు, కాదనలేదు. "ముందు లంబసింగి దాకా ఎళ్ళొద్దాం. కిందికి దిగేటప్పటికి సెప్తాను, ఈ బండి ఉంచుకోవడమో, జోగులుకి ఇచ్చీయడమో" అంది. జోగులు బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముతాడు. ఆ వ్యాను తనకిస్తే టిఫిన్ బండి చేసుకుంటానని ఎప్పటి నుంచో వెంటబడుతున్నాడు.

బండి అంటే ఆమెకి భయం లేదు. ఆమె భయం వేరే. ఇంట్లో ఉన్న సామ్యేలు ఆమెకి బాగా తెలుసు. పీట మీద కూర్చుని "ఏటి కూర?" అని అడిగేవాడు. మంచినీళ్ళ చెంబు చేతికి అందిస్తే గాని తాగనివాడు. గుమ్మం దాటిన సామ్యేలు ఎలా ఉంటాడో ఆమె ఎన్నడూ చూడలేదు. వారాల తరబడి ఎక్కడో తిని, ఎక్కడో పడుకుని, ఎవరితోనో నవ్వి వచ్చిన ఆ మనిషికి, ఆ దారి మీద తనతో పనేముంది? ఇన్నేళ్ళూ తను లేకుండా గడిచిన చోట తనకి చోటుందా? ఉంటే ఉంచుకుంటుంది. లేదంటే చుట్టంలా ఒక మూల కూర్చోవడం ఆమె వల్ల కాదు.

పొద్దున్నే ఇద్దరూ ముందు సీట్లలో తల వంచి ప్రార్థన చేసుకున్నారు. సామ్యేలు తాళం తిప్పాడు. కృపామణి ఆమెన్ అనే లోపల బండి కదిలింది.

ఊరు దాటాక ఆమె వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు వొలవడం మొదలెట్టింది. పక్కన కిటికీ. కిటికీలో చెరుకు తోటలు, బెల్లం పొగ, గేదె మీద కొంగ. ఒక కాయ ఈనె తీసే లోపల ఒక తోట అయిపోయేది. ఇంకో కాయ అందుకునే సరికి జీడిమామిడి తోపు వచ్చేది. ఇంటి దగ్గర వొలిస్తే కాయలొక్కటే తరిగేవి, ఎదురుగా సోడాకొట్టు గోడ అలాగే ఉండేది. ఇక్కడ కాయలూ తరుగుతున్నాయి, భూమీ తరుగుతున్నట్టుంది. ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. తెరచి చూస్తే చేటలో కాయలన్నీ వొలిచి ఉన్నాయి. నిద్రలోనే వొలిచిందో ఏమో.

చీపురు పట్టింది. ఇటు నుంచి అటు నాలుగు ఊడ్పులు, ఇల్లు అయిపోయింది. నర్సీపట్నం దుమ్మంతా చేటలోకి ఎత్తింది గానీ, ఎక్కడ పారబొయ్యాలో తెలియలేదు. డౌనూరు దాటాక బండి ఆగితే అక్కడ గట్టు పక్కన పారబోసింది. వీధి దుమ్ము తెచ్చి కొండ కాళ్ళ దగ్గర పోసినందుకు కాస్త సిగ్గేసింది.

ఒక వాగు పక్కన బండి ఆపి లోపలే వంట. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఆమె బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. పోయగానే చెయ్యి దానంతట అదే ఒక గుప్పెడు తీసి, ఎడమ పక్కకి తిరిగింది. ఇంట్లో అయితే అక్కడ అలమర. అలమరలో రేకు డబ్బా. ఆమె పెళ్ళి చేసుకుని వస్తుంటే తల్లి చేతిలో పెట్టిన డబ్బా అది. వండిన ప్రతిసారీ బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యాలి. ఇంట్లో ఎంత తక్కువున్నా వెయ్యాలి. అది దేవుడి గుప్పెడు. గురువారం ఆడవాళ్ళ కూటానికి ఎవరి బియ్యం వాళ్ళు సంచిలో పోసుకెళ్ళి చర్చిలో గంపలో పోస్తారు. లేనివాళ్ళ ఇళ్ళకి ఆ గంప వెళ్తుంది.

ఎడమ పక్కకి తిరిగితే ఇక్కడ అలమర లేదు. కిటికీ ఉంది. కిటికీ నిండా కొండ ఉంది. ఆమె గుప్పెడు బియ్యంతో కాసేపు అలాగే నిలబడింది.

'ఇదేమన్నా ఇల్లా' అనుకుని గుప్పెడూ మళ్ళీ గిన్నెలోనే వేసేసింది.

సామ్యేలు రెండు ముద్దలు తిని ఆగాడు. "ఇయ్యాల అన్నం బిరుసుగా ఉన్నాదేటే?"

"మీ బండి గాలికి" అంది.

తిన్నాక గిన్నెలు కడిగింది. ఇంట్లో కడిగినట్టే కడిగింది. కుళాయి తిప్పి, తోమి, మళ్ళీ తిప్పి, తొలిచి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి బల్ల కడిగి, ఇంకా చెయ్యి తడిగా ఉండగానే కుళాయి గుర్రుమంది. డ్రమ్ము ఖాళీ.

"ఓర్నాయనో!" సామ్యేలు డ్రమ్ములోకి తల పెట్టి అరిచాడు. "ఇన్ని నీళ్ళుంటే మేము ఒడిశా ఎళ్ళి ఒచ్చీసేవాళ్ళం."

మేము అన్నాడు. ఆ మేములో తను లేదు. కృపామణి బిందె తీసుకుని వాగులోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. బిందె ముంచితే గుడగుడమని మాట్లాడింది. అడుగున గులకరాళ్ళు ఎవరో తోమి బోర్లించినట్టున్నాయి. కోపంగా ఉండాలనుకుంది గానీ, ఆ నీళ్ళలో చేతులు పెట్టాక కోపం ఎక్కడ పెట్టిందో దొరకలేదు.

ఘాటీ ఎక్కుతుంటే కిటికీ చువ్వకి ఆరేసిన సామ్యేలు తువ్వాలు గాలికి ఎగిరిపోయింది. ఎర్ర గళ్ళ తువ్వాలు. కింద లోయలోకి పిట్టలా పోయి ఒక సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మకి తగులుకుంది. "బండి ఆపండి" అని ఆమె అంటే, "ఎక్కడాపుతానే, ఒకపక్క గోడ, ఒకపక్క గొయ్యి" అన్నాడు. వంపు తిరిగాక కూడా ఆమె వెనక్కి చూస్తూనే ఉంది. మనుషులెవరూ లేని కొండ మీద తమ ఇంటి తువ్వాలు ఒక్కటీ ఆరుతోంది.

సాయంత్రం అయ్యేసరికి పైకి చేరారు. వలిసె పూలు కొండ వాలంతా పసుపు పూసినట్టున్నాయి. ఒక పాక ముందు సామ్యేలు బండి పక్కకి తీసి, హారను రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా కొట్టాడు. అది పాత గుర్తులా ఉంది. పాకలోంచి ఒక నల్లటి ఆడమనిషి, ముక్కుకి రెండు పక్కలా మెరిసే కాడలు పెట్టుకున్నది, చేతిలో కట్టెపుల్లతో బయటికి వచ్చింది. పేరు సోమలమ్మ. సామ్యేలు లారీ తోలిన రోజుల్లో ఆ పాక ముందే ఆగి వండుకునేవాడట.

"డైవరన్నా! లారీ ఇలాగ కుదించుకుపోనాదేటి? వానలో తడిసిందా?" అని పెద్దగా నవ్వింది. తరవాత కృపామణిని పైనుంచి కింది దాకా చూసి, "ఒదినా, నీదేనమ్మా అదురుష్టం. నాకెప్పుడో పండక్కి దొరికినట్టు దొరికీది. నువ్వు ఇంట్లోనే కూకుని తింటన్నావు" అంది.

"ఏటి తింటన్నాను?"

"అన్న ఒండిన నెత్తళ్ళ సేపల పులుసు! అల్లం దంచి ఏస్తాడు సూడు. ఆ వాసనకి మా కుక్క కూడా లారీ ఎనకాల ఒక మలుపు దాకా పరిగెత్తీది."

కృపామణి మొగుడి వైపు చూసింది. సామ్యేలు టైర్ల వైపు చూశాడు.

సోమలమ్మ కట్టెలు లోపల పెట్టడానికి వెళ్ళాక కృపామణి మెల్లగా అడిగింది. "మీకు వంటొచ్చా?"

"డైవరుకి రాకపోతే ఎలా కుదురుద్ది? దారిలో ఎవరొండి పెడతారు?"

"మరి ఇంట్లో?"

"ఇంట్లో నువ్వున్నావు కదేటి."

"రాచెల్ పుట్టినప్పుడు బుల్లమ్మ ఒచ్చి నాకు గంజి కాసి పోసింది. టైఫాయిడ్ ఒచ్చి పడుకుంటే మీరు హోటలు ఇడ్లీ పొట్లం తెచ్చి తలగడ పక్కన పెట్టినారు. ఈ కొండ మీద కుక్కలకి కూడా తెలుసంట మీ పులుసు. నాకు తెలీదు."

సామ్యేలు టైరుని కాలితో తట్టాడు. "నువ్వు పొయ్యి దగ్గరికి రానిచ్చేదానివేటి? ఒకసారి గరిట ముట్టుకుంటే, మగోడివి నీకెందుకు, అవతలికెళ్ళు అని తోలీసినావు."

ఆ మాటా నిజమే. తను అలా అన్నట్టు ఆమెకి గుర్తుంది. కాని నిజమైనంత మాత్రాన బాధ పోలేదు. "సరే. రేపు మీరే వండండి. నేను సుట్టంలాగ కూకుని తింటాను" అని తెర వేసుకుని పడుకుంది.

తెల్లారి ఆమె తలుపు తీసింది. బయట లోకం లేదు. మంచు. మెట్టు దాకా ఉంది, మెట్టు కింద ఏమీ లేదు. పాక లేదు, వలిసె పూలు లేవు, దారి లేదు. తెల్లటి పాలల్లో ఎవరో వ్యానుని ముంచి వదిలేసినట్టుంది. దూరంగా ఒక కోడి కూసింది. అది భూమి మీద కూసిందో మబ్బులో కూసిందో తెలియలేదు. ఆమె చెయ్యి చాపితే వేళ్ళు తడిశాయి. ఇల్లు ఆగి ఉందా, మంచు మీద ఎక్కడికైనా తేలిపోతోందా అని ఒక్క క్షణం అనిపించింది. భయం వెయ్యలేదు. పోతే పోనీ అనిపించింది.

వెనక పొయ్యి వెలిగిన చప్పుడు. సామ్యేలు తలకి మఫ్లరు చుట్టుకుని వంటకి నిలబడ్డాడు.

కృపామణి శాలువా కప్పుకుని మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చూడకూడదనుకుంది. చూడకుండా ఉండలేకపోయింది. అతని చేతికి అన్నీ అందుతున్నాయి. వెతకడం లేదు. ఎండు నెత్తళ్ళ తలలు గిల్లాడు, గిల్లిన తలలు కాగితంలో మడిచాడు. చింతపండు గ్లాసులో నానేశాడు. ఆ గ్లాసే మూతకి బరువు పెట్టాడు. అల్లం కత్తి పిడితో చితక్కొట్టాడు. చెయ్యి కడిగిన నీళ్ళతోనే బల్ల తుడిచాడు. ఒక చుక్క కింద పడలేదు. ఇక్కడ తను లేకపోయినా ఒక్క గిన్నె కూడా పక్కకి జరగదు అనుకుంది. ఇంక అడగాల్సింది కూడా లేదు. కిందికి దిగాక జోగులుకి ఇచ్చెయ్యమని చెప్పెయ్యడమే.

సామ్యేలు మంచం కింద నుంచి బస్తా లాగి బియ్యం కొలిచాడు. గిన్నెలో పోశాడు. పోసి, కాస్త ఎడమ పక్కకి తిరిగి, గిన్నెలోంచి ఒక గుప్పెడు తీశాడు. తీసిన గుప్పెడు ఒక్క క్షణం గాల్లో ఆపాడు. తరవాత వంగి, దాన్ని మళ్ళీ బస్తాలోనే పోశాడు.

కృపామణి శాలువా జారింది. ఆ తిరగడం తనది. ఆ భుజం వంపు తనది. గుప్పెడు గాల్లో ఆపి 'ప్రభువా' అని లోపల అనుకుంటుంది చూడండి, ఆ ఆగడం కూడా తనదే. తన చెయ్యి తీసుకెళ్ళి ఎవరో ఆ మగవాడి భుజానికి కుట్టినట్టుంది.

"ఏవండీ, ఇప్పుడేటి సేసినారు?"

"ఏటి సేసినాను?"

"ఆ గుప్పెడు. ఎందుకు తీసినారు? ఎందుకు ఎనక్కి పోసినారు?"

"అలా తియ్యకపోతే అన్నం కుదరదు కదే" అన్నాడు సామ్యేలు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "నువ్వే కదా అలా సేస్తావు."

"నేనా?"

అతను గరిట కింద పెట్టాడు. చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డాడు. తల్లి చిన్నప్పుడే పోతే మిషను హాస్టల్లో పెరిగినవాడు. గంట కొడితే కంచం పట్టుకుని వరసలో నిలబడ్డమే గాని, ఇంట్లో వంట ఎలా చేస్తారో పెళ్ళయ్యేదాకా చూడలేదు. పెళ్ళయిన కొత్తలో లారీ మీద మొదటిసారి దూరం వెళ్ళాల్సి వచ్చింది. దారిలో వండుకోవాలి. పెళ్ళాన్ని అడగడానికి మొహం చెల్లలేదు. గుమ్మం దగ్గర మంచం వేసుకుని, నిద్రపోయినట్టు నటిస్తూ ఆమె వండుతుంటే చూశాడు.

"కొలిసినావు. పోసినావు. ఒక గుప్పెడు తీసి పక్కకి తిరిగినావు. నాకు నీ ఈపే కనబడింది. బస్తాలో పోసీసినావనుకున్నాను. మొదటిసారి ఆ గుప్పెడు మర్సిపోయి ఒండితే అన్నం రాళ్ళు. రెండోసారి నువ్వు గుర్తొచ్చినావు. గుప్పెడు తీసి ఎనక్కి పోసినాను. మల్లెపువ్వులాగొచ్చింది. అప్పటి నుంచి ఒక్కనాడు మానలేదు."

కృపామణి మంచం దిగి బస్తా దగ్గరికి వచ్చింది.

"అది కొలత కాదండీ" అంది. "అది దేవుడి గుప్పెడు. అలమరలో డబ్బాలో ఏస్తాను. చర్చికి తీసుకెళ్ళే బియ్యం అదే."

"చర్చికి తీసుకెళ్తావని తెలుసు. బస్తాలోంచి తీస్తావనుకున్నాను." సామ్యేలు మొహం మెల్లగా మారింది. అతను బస్తా వైపు చూశాడు. చేతి వైపు చూసుకున్నాడు. "అయితే... ఇన్నాళ్ళూ దేవుడికి తీసింది తీసినట్టే నేను తినీసినానా?"

"రోజూ తీసినారు. రోజూ తినీసినారు."

"ఓరి దేవుడా!"

"ఆయన్నెందుకు పిలుస్తారు, ఆకలి మీదుంటాడు" అంది కృపామణి.

అంతే. ఆమెకి నవ్వు పొంగుకొచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. సామ్యేలు మొదట బిత్తరపోయి, తరవాత అతనూ మొదలెట్టాడు. ఇద్దరి నవ్వుకి వ్యాను స్ప్రింగులు కిర్రుమన్నాయి. "నా దగ్గర పని సేసిన క్లీనర్లందరికీ ఇదే నేర్పినానే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "ఒకడు ఇప్పుడు విజయనగరంలో హోటలు పెట్టినాడు. ఆడు కూడా డేగిశాకి డేగిశాకి ఎనక్కి పోస్తా ఉంటాడు!"

నవ్వు విని మంచులోంచి సోమలమ్మ వచ్చింది. ముందు ముక్కు కాడలు మెరిశాయి, తరవాత మనిషి కనబడింది. చేతిలో అడ్డాకులు, కొంగులో అల్లం. సంగతంతా విని ఆమె నవ్వలేదు. బుర్ర గోక్కుంది.

"నాను కూడా అలాగే పోస్తన్నాను మరి. అన్నే సెప్పినాడు. మా సుట్టుపక్కల పాకలన్నిటికీ నానే సెప్పినాను. అలా పోస్తే బియ్యం కుండ అడుగు కనబడదని."

"కనబడలేదా?" అని అడిగింది కృపామణి.

"కనబడలేదు. మరి మరుసటి పూటకి ఆ గుప్పెడు అందులో ఉంటాది కదా" అంది సోమలమ్మ నింపాదిగా. ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదు.

ముగ్గురూ మెట్టు దగ్గర కూర్చుని అడ్డాకుల్లో తిన్నారు. పులుసు కుక్క పరిగెత్తడానికి తగినట్టే ఉంది. అన్నం మల్లెపువ్వులా ఉంది. కృపామణి నోట్లో ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలింది. తను రుచి చూడని ఇన్నేళ్ళ వంటలు ఆ ముద్దలో ఉన్నాయి. గుమ్మం దాటిన మనిషి ఎవరో అనుకుంది. ఎక్కడెక్కడో కొండల్లో, వాగుల పక్కన, లారీ నీడలో, పూట పూటకీ ఆ మనిషి తనలా భుజం వంచి, తనలా ఎడమ పక్కకి తిరిగి, గుప్పెడు తీస్తూనే ఉన్నాడు. దేనికో తెలియక తీశాడు. తను మాత్రం ఇక్కడెక్కడా లేననుకుంటూ సోడాకొట్టు గోడకేసి చూస్తూ కూర్చుంది.

మంచు విడిపోతోంది. ముందు పాక కప్పు వచ్చింది. తరవాత ఒక మేక వచ్చింది. చివరికి ఒక్కసారిగా వలిసె పూల కొండ మొత్తం వచ్చి నిలబడింది.

తిన్నాక గిన్నెలు ఆమే కడిగింది. ముందు ఆకుతో తుడిచి, తరవాత సోమలమ్మ ఇచ్చిన బూడిదతో రుద్ది, ఒక్క చెంబు నీళ్ళతో తొలిచింది. సామ్యేలు చూశాడు గానీ ఏమీ అనలేదు. అనకుండా ఉండడం అతనికి కష్టంగానే ఉంది.

మధ్యాహ్నం బండి కిందికి దిగడం మొదలెట్టింది. సామ్యేలు వెనక్కి తిరక్కుండా, "ఏటే, ఏటి తేల్సినావు?" అన్నాడు.

"ఇంకా దిగలేదు కదా" అంది కృపామణి వెనక నుంచి.

కాసేపటికి వెనక ఇనప వస్తువులు దొర్లిన చప్పుడైంది.

"ఏటే అది?"

"మీ నట్లు."

"నట్లేటి సేసినాయే నిన్ను?"

"గోతాంలో పోసినాను. ముందు సూసి తోలండి."

ఘాటీ మలుపులో ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది. ఎర్ర గళ్ళ తువ్వాలు సిల్వర్ ఓక్ కొమ్మ మీద అలాగే ఉంది. పూర్తిగా ఆరిపోయి మెల్లగా ఊగుతోంది.

వాగు దగ్గర ఆగి పొద్దుకూకే ముందు అన్నం వండుకున్నారు. ఈసారి వంట ఆమెది. సామ్యేలు బయట డ్రమ్ముకి నీళ్ళు పడుతున్నాడు. లోపల ఆమె ఏం చేసిందో అతను చూడలేదు. తిన్నప్పుడు మాత్రం, "అన్నం కుదిరిందే" అన్నాడు.

నర్సీపట్నం చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఊళ్ళోకి వచ్చేచోట టీ బడ్డీ దగ్గర జోగులు కాచుకుని ఉన్నాడు. చేతిలో కొలిచే టేపు. బండి ఆగీ ఆగకముందే వెనక తలుపు తీసుకుని ఎక్కేశాడు.

"దండం అప్పా" అన్నాడు కృపామణితో, అక్కని పిలిచినట్టు. "కొలతలొక్కటీ తీసుకుంటాను. ఇక్కడ ఇడ్లీ పాత్ర, ఇక్కడ పెనం. ఈ మంచం తీసీవొచ్చు" అంటూ టేపు బర్రున లాగాడు. పొయ్యికి ఎడమ పక్క, కిటికీ పట్టీ మీద, తీగతో కట్టిన ఒక రేకు డబ్బా అతని మోచేతికి తగిలింది. డబ్బా మీద గ్రీజు మరకలు సగం పోయి సగం ఉన్నాయి. మూత తీసి చూశాడు. "ఇదేటి, అడుగున నాలుగు బియ్యం గింజలు? ఇది తీసి అవతల పెడితే సట్నీ గిన్నెకి సోటొస్తాది."

"అది ముట్టుకోకు తమ్ముడూ" అంది కృపామణి. "అది నిండాలి."

"ఇన్ని బియ్యానికి ఇదెప్పుడు నిండుద్ది?"

"పూటకో గుప్పెడు. నిండినప్పుడు నిండుద్ది. ఏ ఊళ్ళో నిండితే ఆ ఊరి చర్చిలో పోసీసి, మళ్ళీ మొదలెడతాం."

ముందు సీట్లో సామ్యేలు కదల్లేదు. అద్దంలోంచి డబ్బా వైపు చూశాడు. తన నట్ల డబ్బా. అతను తాళం తిప్పాడు. ఇంజను దగ్గి అందుకుంది. తెర మీద తెల్ల పూలు వణికాయి.

"ఇంటికా, కోటవురట్ల మీదుగా సముద్రం ఏపా?" అని అడిగాడు.

"గురువారం ఇక్కడ కూటానికి వెళ్ళాలి. అలమరలో డబ్బా బియ్యం ఉన్నాయి, అవి ఇచ్చీసి ఎల్దాం. ఈలోగా మీకో తువ్వాలు కొనుక్కోవాలి."

జోగులు టేపు పట్టుకుని ఒకసారి ఆమె వైపు, ఒకసారి అద్దం వైపు చూశాడు. "మరి నా బండి, అప్పా?"

"దిగు తమ్ముడూ, బేగి దిగు" అంది కృపామణి. "మా ఇల్లు కదుల్తన్నాది."